మా సంఘం పుట్టిన నేల మీద యుద్ధం: పాలమూరు నుంచి ఢిల్లీకి ఒక ఉత్తరం

పాలమూరు, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, దేవరకొండ. ఈ ఊళ్లల్లో బస్టాండు దిగి ఏ ఆటో అతన్ని అడిగినా ఎంబీ చర్చికి దారి చెప్తాడు. ఎంబీ అంటే మెన్నొనైట్ బ్రదరెన్, ఆయుధం పట్టకూడదని నమ్మే క్రైస్తవ సంఘం. ఆ పేరు మా వాళ్లలో చాలామందికి తెలుసు. ఆ సంఘం ఎక్కడ పుట్టిందని అడిగితే మాత్రం 'అమెరికాలో' అనేస్తారు. అది పుట్టింది 1860 జనవరి 6న, అప్పటి రష్యా సామ్రాజ్యంలో, మొలోచ్నా అనే నది పక్క పల్లెల్లో. ఆ పల్లెలున్నది ఇవాళ్టి ఉక్రెయిన్ దక్షిణాన, జపోరిజియా ప్రాంతంలో. వాటిలో ముఖ్యమైన ఊరు హాల్బ్‌స్టాట్. ఇప్పుడు దాని పేరు మొలొచాన్స్క్. 2022 నుంచి ఆ ఊరు రష్యా సైన్యం చేతిలో ఉంది. ఈ యుద్ధం ఆపడానికి పూనుకోమని మన ప్రభుత్వానికి మా సంఘం తరఫున ఒక ఉత్తరం రాయాలన్నది నా మాట.

1889లో అబ్రహాం ఫ్రీసన్, మరియా ఫ్రీసన్ దంపతులు ఆ నల్లరేగడి నేలల నుంచి బయలుదేరి నిజాం రాజ్యానికి వచ్చారు. నల్గొండలో నిలదొక్కుకున్నారు. పదేళ్ల తర్వాత, 1899లో, అమెరికా శాఖ నుంచి హీబర్ట్ దంపతులు హైదరాబాదులో దిగారు. ఆ అమెరికా శాఖ వాళ్ల మూలాలు కూడా మొలోచ్నా వైపువే. 1874లో రష్యా జారు (చక్రవర్తి) ప్రభుత్వం మగవాళ్లందరికీ సైనిక సేవ తప్పనిసరి చేసినప్పుడు, తుపాకి పట్టడం మా విశ్వాసానికి విరుద్ధం అంటూ వేలమంది పండే భూములమ్ముకుని కాన్సస్‌కు, మినెసోటాకు, మానిటోబాకు ఓడలెక్కారు. అలా వెళ్లినవాళ్ల బిడ్డలే తర్వాత మన నాగర్‌కర్నూల్‌కు, వనపర్తికి, దేవరకొండకు వచ్చారు. బళ్లు పెట్టారు, హాస్టళ్లు పెట్టారు, జడ్చర్లలో ఆసుపత్రి కట్టారు. మా ఇళ్లల్లో మొదటి తరం చదువు ఆ బళ్లల్లోంచే వచ్చింది. ఊరి బయట గుడిసెల్లో ఉన్నోళ్ల పిల్లలకు పలక చేతికిచ్చింది వాళ్లే. ఆ రుణం నేను మరిచిపోను.

కానీ వాళ్లు ఏ మాట కోసం దేశం వదిలారో ఆ మాటను మేం అందుకోలేదు. కీర్తనలు అందుకున్నాం. పెద్దయ్యాక, తెలిసి, నీళ్లలో మునిగి తీసుకునే బాప్తిస్మాన్ని అందుకున్నాం. 'నీ కత్తి వరలో తిరిగి పెట్టుము, కత్తి పట్టుకొనువారందరు కత్తిచేతనే నశింతురు' అని ప్రభువు పేతురుతో అన్న మాటను శ్రమల వారంలో చదువుకుంటాం. చదివి, పుస్తకం మూస్తాం.

దీనికి కారణం ఉంది. మన దేశంలో నిర్బంధ సైనిక సేవ లేదు. ప్రభుత్వం ఎవరి ఇంటికొచ్చి 'మీ కొడుకును పంపు' అని అడగలేదు. కాబట్టి ఆ బోధకు ఇక్కడ పరీక్ష రాలేదు, పరీక్ష రాని పాఠాన్ని ఎవరూ చదవలేదు. మా పిల్లలు పోలీసు సెలక్షన్లకు, ఆర్మీ ర్యాలీలకు పోతారు. సెంటు భూమి లేని ఇంట్లో నెల జీతం అంటే ఏంటో నాకు తెలుసు. ఆ పిల్లల్ని ఒక్క మాట కూడా అనను. నేను అడుగుతున్నది సంఘాన్ని.

2022 ఫిబ్రవరి 24 తర్వాతి ఆదివారాలు నాకు బాగా గుర్తున్నాయి. ఆరాధనలో ప్రార్థన అంశాలు చదువుతారు కదా: ఫలానా అక్కకు గర్భసంచి ఆపరేషన్, ఫలానా తమ్మునికి డీఎస్సీ పరీక్ష, ఫలానా అన్న బోరు వేస్తున్నాడు, నీళ్లు పడాలి. ఆ వరసలో 'ఉక్రెయిన్ దేశం కోసం' అని చేరింది. మన పిల్లలు అక్కడ మెడిసిన్ చదువుతున్నారు, అందుకని అందరూ నిజంగానే కన్నీళ్లతో ప్రార్థించారు. ప్రభుత్వం 'ఆపరేషన్ గంగ' పెట్టి ఇరవై వేల మందికి పైగా తీసుకొచ్చింది. పిల్లలు ఇల్లు చేరారు. ఆ తర్వాత జాబితాలోంచి ఉక్రెయిన్ పోయింది. ఎవరూ కావాలని తీసెయ్యలేదు. మన పిల్లలు వచ్చేశారు గనక పోయింది. అక్కడి పిల్లలు అక్కడే ఉన్నారు.

నేను ఈ ఉత్తరం సంగతి ఎత్తినప్పుడు మా సంఘపెద్ద ఒకాయన అన్నాడు: "ఆడ లడాయైతే ఈడ మనమేం జేస్తమమ్మా? మోకాళ్లూనుడే మన పని." మోకాళ్లూనడాన్ని నేను తక్కువ చెయ్యను. రాజుల కొరకు, అధికారులందరి కొరకు ప్రార్థన చెయ్యమనే పౌలు తిమోతికి రాశాడు. కానీ సామెతల గ్రంథంలో ఇంకో మాట ఉంది: 'మూగవారికిని దిక్కులేనివారికందరికిని న్యాయము జరుగునట్లు నీ నోరు తెరువుము.' దేవుడితో మాట్లాడటం ఒక పని. అధికారంలో ఉన్నవాళ్లతో మాట్లాడటం ఇంకో పని. మొదటిది చేశాం కదా అని రెండోదాన్ని వదిలెయ్యడానికి వాక్యంలో ఎక్కడా అనుమతి లేదు.

శాంతి సంఘాలు ఈ రెండో పనిని చాలాసార్లు చేశాయి. క్రిమియా యుద్ధం ముంచుకొస్తున్న 1854 చలికాలంలో యుద్ధం వద్దనే ఇంకో క్రైస్తవ సంఘమైన క్వేకర్లలో ముగ్గురు ఇంగ్లండు వాళ్లు, జోసెఫ్ స్టర్జ్, రాబర్ట్ చార్ల్‌టన్, హెన్రీ పీస్, మంచు దారుల్లో సెయింట్ పీటర్స్‌బర్గ్ దాకా వెళ్లి జారు మొదటి నికోలస్‌ను కలిశారు. యుద్ధం వద్దని ఎదురుగా నిలబడి విన్నవించారు. సొంత దేశంలో వాళ్లను ఎగతాళి చేశారు. మార్చి నెలాఖరుకు బ్రిటన్, ఫ్రాన్స్ యుద్ధం ప్రకటించాయి. అంటే ఆ ప్రయత్నం ఫలించలేదు. అదే యుద్ధంలో మొలోచ్నా మెన్నొనైట్లు తమ గుర్రపు బళ్ల మీద గాయపడ్డ సైనికులను మోసుకొచ్చి, సొంత ఇళ్లల్లో పెట్టుకుని సేవ చేశారు. మా వాళ్లకు బండి తోలడం, కట్టు కట్టడం వచ్చు. ఆ ముగ్గురిలాగా రాజు ముందు నిలబడి నోరు తెరవడం మాకు ఇంకా రాలేదు.

మన దేశం కూడా ఇలాంటి పనికి కొత్తది కాదు. కొరియా యుద్ధంలో కాల్పుల విరమణ ఆగిపోయింది ఖైదీల విషయం దగ్గర: తిరిగి వెళ్లనంటున్న ఖైదీలను బలవంతంగా పంపాలా, వద్దా? 1952 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఒప్పుకున్న దారి కృష్ణమీనన్ నడిపిన భారత తీర్మానంలోంచి వచ్చింది. 1953 జులై 27న విరమణ కుదిరాక, ఆ ఖైదీలను చూసుకునే తటస్థ కమిషన్‌కు మన జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడయ్యాడు. వేలమంది భారత సైనికులు ఎవరి మీదా యుద్ధం చెయ్యడానికి కాకుండా, రెండు పక్షాలకూ నమ్మకమున్న కాపలాగా వెళ్లారు. స్వాతంత్ర్యం వచ్చి ఆరేళ్లయిన బీద దేశం చేసిన పని అది. తిండిగింజలు దిగుమతి చేసుకుంటున్న రోజులవి.

మరి ఇప్పుడు? 2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సాధారణ సభలో రష్యా దాడిని తప్పుపట్టే తీర్మానానికి 141 దేశాలు ఓటేశాయి, 5 వ్యతిరేకించాయి, 35 దూరంగా ఉన్నాయి. ఆ 35లో మనం ఉన్నాం. అదే ఏడు సెప్టెంబరులో సమర్‌కండ్‌లో ప్రధాని మోదీ పుతిన్‌తో ఇది యుద్ధాల కాలం కాదన్నారు. ఏడాదికి ఢిల్లీ జీ20 ప్రకటనలోకీ ఆ మాట ఎక్కింది. 2024 జులైలో ఆయన మాస్కో వెళ్లారు, ఆగస్టులో కీవ్ వెళ్లారు. అంతకు ముందు, జూన్‌లో, స్విట్జర్లాండ్‌లో జరిగిన శాంతి సమావేశానికి మన ప్రతినిధి వెళ్లాడు గానీ చివరి ప్రకటన మీద మన దేశం సంతకం పెట్టలేదు. రష్యా లేని చోట శాంతి ఒప్పందం ఎలా కుదురుతుందన్నది మన వాదన. ఆ వాదనలో పస లేదని నేను అనను.

ఇద్దరితోనూ మాట్లాడగలగడం గొప్ప సంగతే, ఒప్పుకుంటాను. ఆ మాటను వాడుకోకపోతే దానివల్ల ఎవరికి లాభం? బోరులో నీళ్లున్నాయని ఊరంతా చెప్పుకుంటూ మోటరు వెయ్యకపోతే మడి ఎండుతుంది. ఖైదీల మార్పిడిలో యూఏఈ మధ్యవర్తిగా నిలిచింది. రష్యా ఎత్తుకుపోయిన ఉక్రెయిన్ పిల్లల్లో కొందరిని ఇళ్లకు చేర్చడంలో కతర్ సాయపడింది. మనకంటే ఎన్నో రెట్లు చిన్న దేశాలవి. అవి చెయ్యగలిగిన పనిని కొరియా ఖైదీలను కాచిన దేశం ఎందుకు తలకెత్తుకోదు?

మనం ఈ యుద్ధానికి బయటివాళ్లం అనే మాట కూడా నిజం కాదు. యుద్ధానికి ముందు మనం కొనే ముడిచమురులో రష్యా వాటా వందకు రెండు కూడా లేదు. 2023-24 నాటికి మూడో వంతు దాటింది. చవగ్గా దొరికింది, కొన్నాం. ఆ డబ్బులో కొంత ఎటు పోతుందో తెలియని వాళ్లం కాదు.

ఇంకా దగ్గరి సంగతి ఉంది. ఉద్యోగమని చెప్పి ఏజెంట్లు రష్యాకు తీసుకెళ్లి, అక్కడ సైన్యంలో కలిపేసిన మన యువకుల కథ అందరికీ తెలుసు. హైదరాబాదు కుర్రాడొకడు 2024లో అక్కడే చనిపోయాడు. మా నారాయణపేట కుర్రాడొకడు అదే ఏడు సెప్టెంబరులో, కలబురగి కుర్రాళ్లతో కలిసి, ప్రాణాలతో తిరిగొచ్చాడు. 2025 జనవరిలో విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ప్రకారం అప్పటికి తెలిసిన కేసులు 126. వచ్చినవాళ్లు 96. చనిపోయినవాళ్లు 12. ఆచూకీ లేనివాళ్లు 16.

ఈ అంకెలు చదివినప్పుడు నాకు గుండెల్లో కలుక్కుమంది, ఎందుకంటే ఈ కథను మేం పుట్టినప్పటి నుంచి చూస్తున్నాం. పాలమూరు లేబర్ అనే మాట దేశమంతా తెలుసు. దసరా పోయాక ఊరికి గుంపు మేస్త్రీ వచ్చేవాడు. ఇంటికింత అని అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు. ఆ డబ్బుతో పాత అప్పు తీరేది, లేదా ఆడపిల్ల పెళ్లి అయ్యేది. పని ఏంటి, ఎక్కడ, ఎన్ని గంటలు అన్నది లారీ దిగాకే తెలిసేది. మా నాయన అలా పోయి ఏ రాష్ట్రంలో కాలువ తవ్వుతున్నాడో మా అమ్మకు నెలల తరబడి తెలిసేది కాదు. చిట్టీ మీద వేలిముద్ర వేయించుకున్నాడు కాబట్టి మధ్యలో తిరిగి రావడానికి లేదు. ఇప్పుడా మేస్త్రీ యూట్యూబులో కనిపిస్తున్నాడు. అడ్వాన్సు అతనివ్వడం లేదు, మన దగ్గరే లక్షలు తీసుకుంటున్నాడు. కాగితం రష్యన్‌లో ఉంటుంది. పిల్లవాడు సంతకం పెడతాడు. కాలువ బదులు కందకం. నారాయణపేట కుర్రాడు మా సంఘపువాడు కాదు. అయితే ఏంటి? వాడిని ఇల్లు దాటించిన అవసరం మా ప్రతి ఇంట్లోనూ ఉంది.

ఇక అభ్యంతరాల సంగతి. 'మైనారిటీలం, విదేశీ యుద్ధం గురించి మాట్లాడితే ఎక్కడి నుంచో డబ్బులొచ్చాయంటారు' అనే భయం ఒకటి. భయపడేవాళ్లను నేను తప్పుపట్టను, కాలం అలా ఉంది. కానీ ఈ దేశ పౌరులు, తెలుగులో, ఊరి పేర్లతో సంతకాలు పెట్టి, తమ ప్రభుత్వానికి బాహాటంగా రాసే ఉత్తరంలో దాచేదేముంది? పైగా హింస వద్దనే మాట ఈ నేల మీదికి మేం మోసుకొచ్చింది కాదు. ఫణిగిరి, కొలనుపాక ఉన్నది మా సంఘాలున్న పాత నల్గొండ జిల్లాలోనే. బౌద్ధులు, జైనులు ఆ మాట చెప్పిన వందల ఏళ్లకు మేం వచ్చాం.

గట్టి అభ్యంతరం ఇంకోటి. నిద్రపోతున్న ఊరి మీద బాంబులు పడుతుంటే, 'ఆయుధం వద్దు, శాంతి కావాలి' అనడం అంటే దెబ్బ తిన్నవాడిని లొంగిపొమ్మనడం కాదా? ఈ ప్రశ్న అడిగింది మా ఇంట్లోనే, డిగ్రీ చదివే నా మేనకోడలు. "అత్తా, ఆ ఊరోళ్లు నీ ముంగల నిలబడితే ఇదే చెప్తవా?" అంది.

చెప్పను. చెప్పే హక్కు నాకు లేదు, మా సంఘ చరిత్రకు అసలే లేదు. 1918లో, రష్యా అంతర్యుద్ధంలో, మఖ్నో అనే అరాజకవాది నాయకుడి ముఠాలు ఊళ్ల మీద పడుతుంటే మొలోచ్నా మెన్నొనైట్ యువకులు జర్మన్ సైన్యం దగ్గర తుపాకులు తీసుకుని ఆత్మరక్షణ దళాలు కట్టారు. మూడున్నర శతాబ్దాలుగా పట్టనిది అప్పుడు పట్టారు. 1919 వచ్చేసరికి ఆ దళాలు చెదిరిపోయాయి, ఆ ఏడు శరదృతువులో పగ తీర్చుకోవడానికి వచ్చినవాళ్లు ఊళ్లకు ఊళ్లను నరికారు. సంఘం తర్వాత ఆ తుపాకి పట్టడాన్ని తప్పని ఒప్పుకుంది. అయినా తలుపు అవతల అడుగుల చప్పుడు వింటూ తుపాకి తీసిన ఆ పిల్లలను నేను ఇక్కడ ఫ్యాను కింద కూర్చుని తీర్పు తీర్చలేను. వాళ్ల మనవలను, ముని మనవలను కూడా.

అందుకే నా మాట కీవ్‌లో ఉన్న తల్లికి కాదు, ఢిల్లీలో ఉన్న నా ప్రభుత్వానికి. శాంతివాదికి నిజంగా అధికారమున్నది తన ఓటు, తన పన్ను చేరే చోటనే. ఇంకా ఒకటి. శాంతి అంటే ఇద్దరినీ ఒకే గాట కట్టడం అని కొందరనుకుంటారు. సరిహద్దు దాటింది ఎవరో అందరికీ తెలుసు. రష్యా దాటింది. ఆ సంగతి చెప్పకుండా రాసే శాంతి ఉత్తరం అబద్ధపు ఉత్తరం.

న్యాయం లేని శాంతి ఎలా ఉంటుందో నల్గొండ మనుషులకు అనుభవంలో ఉన్న విషయం. 1951 ఏప్రిల్ 18న, సాయుధ పోరాటం ఇంకా సాగుతుండగానే, వినోబా భావే కాలినడకన పోచంపల్లికి వచ్చాడు. నలభై దళిత కుటుంబాలు ఎనభై ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలిస్తానన్నాడు. భూదానం అలా మొదలైంది. తుపాకులు, పోలీసు క్యాంపుల మధ్యకు చేతి కర్రతో నడిచొచ్చిన ఆ మనిషి ధైర్యానికి నేను దండం పెడతాను. కానీ ఆ ఉద్యమంలో తర్వాత వచ్చిన భూముల్లో ఎన్నో రాళ్లు, రప్పలు. దున్నేవాడికి భూమి అందకుండా ఊరు సద్దుమణిగితే దాన్ని శాంతి అనుకున్నవాళ్లు గడీల్లో ఉన్నవాళ్లే. ఉక్రెయిన్‌లో కాల్పులు ఆగాలి. ఆగిన చోట గీత గీసి, ఇక మాట్లాడకండి అనడాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

'రేపు మన దేశమే యుద్ధంలో ఉంటే ఇదే అంటావా?' అని కూడా అడిగారు. ఆ బోధ అదే, మారదు. ఆ రోజు చెప్పడం వంద రెట్లు కష్టం. పరాయి యుద్ధం గురించి కూడా నోరు పెగలని సంఘం ఆ రోజు ఏం చెప్తుంది?

ఉత్తరం చిత్తుప్రతి మా స్త్రీల సమాజంలో చదివాం. ప్రధానికి, విదేశాంగ మంత్రికి, కాపీలు మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నల్గొండ ఎంపీలకు. అడుగుతున్నవి పెద్ద కోరికలేం కావు. ఖైదీల, పిల్లల విషయంలో మధ్యవర్తిగా మన ప్రభుత్వం తనంతట తానుగా ముందుకు రావాలి. రష్యా సైన్యంలో చిక్కిన ప్రతి భారతీయుడూ, ఆచూకీ లేనివాళ్లతో సహా, లెక్కకు రావాలి. పంపిన ఏజెంట్ల మీద కేసులు కోర్టు దాకా నడవాలి. జపోరిజియా అణు కేంద్రం చుట్టూ పోరు ఆపించే ప్రయత్నంలో మన గొంతు వినపడాలి. 2023 జూన్ 6న ఉక్రెయిన్‌లో కఖోవ్కా డ్యాం తెగి ఊళ్లు మునిగాయి. శ్రీశైలం ముంపులో ఊళ్లు పోగొట్టుకున్న కుటుంబాలు మా సంఘాల్లో ఉన్నాయి. నీళ్లలో ఇల్లు పోవడమంటే ఏంటో వాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. వేలిముద్ర వేసిన పెద్దమ్మలు కొందరు అందుకే వేశారు.

గొడవ వచ్చింది ఒక్క వాక్యం దగ్గర. 'రష్యా చమురు కొనడం తగ్గిస్తే ధరలు పెరుగుతాయని మాకు తెలుసు. ఆ భారంలో మా వంతు మోయడానికి సిద్ధంగా ఉన్నాం' అని రాశాను. ట్రాక్టరు కిరాయికి నడిపే ఒక అన్న లేచి, "డీజిల్ పది రూపాయలు పెరిగితే నువ్వు గడ్తవా టీచరమ్మా? దున్నకం రేటు పెంచితే రైతు నన్ను తిడ్తడు" అన్నాడు. అతను చెప్పింది నిజం. నాకు పింఛను వస్తుంది, అతనికి రాదు. ఆ వాక్యం తీసేస్తే సంతకాలు ఎక్కువ పడతాయని పెద్దలు నచ్చజెప్పారు. నేను ఒప్పుకోలేదు. ఖర్చు మరొకరి మీద వేసి శాంతి అడగడం నాకు చేత కాదు. 1922 కరువులో అమెరికా మెన్నొనైట్లు మొలోచ్నాకు వంటశాలలతో పాటు యాభై ఫోర్డ్‌సన్ ట్రాక్టర్లు పంపింది తమ జేబుల్లోంచే. 'మా వంతు' అన్నచోట 'మోయగలిగినవాళ్లం ముందుగా' అని మార్చాను. ఆ అన్న ఇంకా సంతకం పెట్టలేదు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మళ్లీ కూర్చుంటాం.